అరగంట కుర్చీ

ముందే చెబుతున్నాను, నన్ను ఆయమ్మ అంటే నాకు కోపం వస్తుంది. ఆయమ్మ పని తక్కువదని కాదు. మా పెద్దమ్మ ఇరవై ఏళ్లు దవాఖానలో ఆయమ్మగా చేసింది. ఆమె చేతుల్లో ఎంతమంది పిల్లలు కళ్లు తెరిచారో ఆమెకే గుర్తు లేదు. కానీ నేను నాలుగేళ్లు నర్సింగ్ చదివాను. కౌన్సిల్‌లో నా పేరు నమోదైంది. ఆ నంబరు నాకు నా ఫోన్ నంబరు కంటే బాగా గుర్తు. ఎవరింటికి వెళ్లినా ఆ నంబరుతోనే వెళ్తాను. రోగి గురించి ఒక మాట రాసి కింద సంతకం పెట్టానంటే ఆ మాటకు రేపు నేనే జవాబు చెప్పాలి.

పదకొండేళ్లు నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేశాను. ఇప్పుడు ఇళ్లకు వెళ్లి చేస్తున్నాను. మాది చేవెళ్ల పక్క పల్లె, టమాటా, క్యారెట్ పండించుకునే ఇల్లు. ఈ రోడ్లు నాకు తెలుసు కాబట్టి నగరంలోని ఒక ఏజెన్సీ ఈ వైపు పేషెంట్లందరినీ నాకే అప్పజెప్పింది. పొద్దున ఏడింటికి స్కూటీ వెనక సంచి కట్టుకుని బయలుదేరితే మొయినాబాద్, అజీజ్‌నగర్ తిరిగి, శంకర్‌పల్లి మీదుగా సాయంత్రానికి ఇల్లు చేరతాను. పుండ్లకు కట్లు మార్చడం, మూత్రం గొట్టాలు మార్చడం, ముక్కు గొట్టంతో తిండి పెట్టడం ఇంటివాళ్లకు నేర్పడం, ఇంజెక్షన్లు, ఇదీ నా పని.

అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో గేటు దగ్గర వాచ్‌మన్ నాకు వంటింటి వైపు తలుపు చూపిస్తాడు. అతని తప్పు లేదు, అతనికి అట్లా చెప్పి ఉంచారు. నేను ముందు తలుపు దగ్గరే నిలబడి బెల్లు కొడతాను. ఒక ఇంట్లో పెద్దాయనకు కొత్త ఇంజెక్షన్ ఇచ్చి, ఏమైనా తేడా చేస్తుందేమోనని అరగంట పక్కన కూర్చున్నాను. ఇంటావిడ చిక్కుడుకాయల గంప తెచ్చి నా ముందు పెట్టింది.

“ఊకెనే కూసున్నవు గద, జర ఇవి ఒలువరాదు.”

“ఒలుస్తనమ్మా. గింతల మీ ఆయినకు ఊపిరాడకపోతే, నర్సు చిక్కుడుకాయలు ఒలుస్తున్నది అని రాస్త. కింద సంతకం మీరు పెట్టుండ్రి.”

గంప తీసుకుని వెళ్లిపోయింది. ఆ ఇంటికి నన్ను మళ్లీ పంపలేదు. నాకు నోరు ఎక్కువని ఏజెన్సీలో నా పేరు పక్కన రాసుకున్నారని తర్వాత విన్నాను. రాసుకోనీ అనుకున్నాను.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఫామ్‌హౌసుల సంగతి కాదు. ఎంకపల్లి దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లోని అవ్వ సంగతి.

ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. స్నానాల గదిలో జారి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, రెండు నెలలు మంచం మీద ఉంది, ఇంటికి వచ్చేటప్పుడు నడుం చివర, తోక ఎముక మీద పడక పుండుతో వచ్చింది. ఒకే వైపు ఒత్తుకుని పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య కండకు రక్తం అందదు, అది చచ్చిపోతుంది. కూర్చుంటే ఇంకా ముప్పు, ఒంటి బరువంతా అక్కడే పడుతుంది కదా. పుండు అట్లా ఎముక దాకా దిగిందంటే, ఆ వయసులో మనిషి తిరిగి లేవడం కష్టం. ఈ మాట మొదటి రోజే ఇంట్లో అందరినీ నిలబెట్టి చెప్పాను.

ఇంట్లో అందరూ అంటే ముగ్గురే. అవ్వ, అరవై దాటిన కొడుకు, ఆయన భార్య. మడతలు నలగని తెల్లబట్టల్లో తిరిగే మనిషి ఆ కొడుకు. ఊళ్లో పెళ్లి అయినా చావు అయినా ముందు ఆయన బండి అక్కడ ఉంటుంది. కోడలు మాట్లాడగా నేను పెద్దగా వినలేదు. కానీ రెండు గంటలకోసారి అత్తను ఎడమకూ కుడికీ తిప్పి, తిప్పిన సమయం కాగితం మీద గీత పెట్టేది. ఒక్క గీత తప్పలేదు. పనిచేసే మనిషి ఎవరో నాకు ఆ గీతల్లోనే తెలిసిపోయింది.

రోజు విడిచి రోజు వెళ్లి కట్టు మార్చేదాన్ని. ప్రతిసారీ కాగితం స్కేలుతో పుండు కొలిచేదాన్ని. మొదటి రోజు ఐదు సెంటీమీటర్ల పొడవు, నాలుగు వెడల్పు. ఆరు వారాల తర్వాత పొడవు మూడు, వెడల్పు రెండు. అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా కొత్త కండ పట్టింది. పుండులో అట్లాంటి ఎరుపు చూస్తే నాకు కలిగే సంతోషం బయటివాళ్లకు చెబితే ముక్కు మూసుకుంటారు. ఆ రోజు కోడల్ని పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, తల ఊపి, వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది.

అప్పుడే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచ్ సీటు మహిళలకు వచ్చిందని తెలిసిన రోజే ఆ ఇంట్లో కోడలి పేరు ఖాయమైంది. ఖాయమైన సంగతి కోడలికి మర్నాడు తెలిసింది.

నేను ఆ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టిన చాలా రోజులకు గానీ నాకు తెలియని విషయం ఒకటుంది. ఈ అవ్వ కూడా ఒకప్పుడు సర్పంచే. ఇట్లాగే మహిళల సీటు వచ్చినప్పుడు ఐదేళ్లు చేసింది. ఊళ్లో ఆమె అంటే అందరికీ మర్యాద. అందుకని ఓట్లు అడగడానికి వెళ్లే ముందు జనం ఇంటికి వచ్చి అవ్వ కాళ్లు మొక్కడం, అవ్వ కోడలి నెత్తిన చెయ్యి పెట్టి దీవించడం, దాన్ని ఫోటో తీసి ఊరంతా ఫోన్లలో తిప్పడం మొదలైంది. హాల్లో గుమ్మానికి ఎదురుగా చేతులున్న పెద్ద కుర్చీ వేశారు. అవ్వ భుజాల మీద శాలువా కప్పి అందులో కూర్చోబెట్టారు.

ఇవేవీ నేను చూడలేదు. నేను వెళ్లేది మధ్యాహ్నం, అప్పటికి అవ్వ మంచం మీదే ఉండేది. నేను చూసింది పుండును. ఆ రోజు కట్టు విప్పేసరికి అంచులు తెల్లగా నాని ఉన్నాయి. ఒక మూల నల్లబడింది. కొలిస్తే నాలుగు, మూడు. ఆరు వారాల పనిలో సగం రెండు రోజుల్లో పోయింది.

కోడలు నేల వైపు చూస్తూ చెప్పింది. “పొద్దుగాల ఎనిమిదింటికెల్లి పన్నెండు దాంక కూసోబెట్టిండ్రు సిస్టర్. నిన్న గూడ.”

“మీరు చెప్పలేదా?”

“చెప్పిన. రింగు తెచ్చిండ్రు.”

కుర్చీలో ఉంది ఆ రింగు. గాలి నింపే రబ్బరు రింగు, మధ్యలో బొక్క. పుండు ఆ బొక్కలోకి వస్తే దానికి ఏదీ తగలదని తెచ్చేవాళ్ల లెక్క. చాలా ఇళ్లలో ఇదే తప్పు చేస్తారు, ప్రేమతోనే చేస్తారు. ఆ రింగు చుట్టూతా నొక్కి మధ్య కండకు రక్తం రాకుండా ఆపుతుంది, పుండు ఇంకా తొందరగా చెడుతుంది. నేను దాని మూత పీకి గాలి వదిలేశాను. హాల్లో కూర్చున్న నలుగురైదుగురు ఆ చప్పుడుకు తలలు తిప్పారు. లోపలి నుంచి కొడుకు వచ్చాడు.

“ఏమైంది సిస్టర్? కొత్తది గది.”

“పారేయుండ్రి అన్నా. దీనితోనే పుండు పెరిగింది. గంటలు గంటలు కూసోబెట్టిండ్రట. అరగంట దాటొద్దని నేను చెప్పలేదా మీకు?”

“మీరు కట్టు కట్టుండ్రి. కుర్చీ ముచ్చట మేం జూసుకుంటం.”

“కుర్చీ ముచ్చటనే పుండు ముచ్చట. గిట్లనే పదిహేను దినాలు కూసోబెడితే ఎముకకు దిగుతది. మళ్ల ఆపరేషన్ అంటే ఈ వయసుల తట్టుకుంటదా?”

ఆయన అరవలేదు. అరిచే మనిషి కాదు. నా మాట వినలేదు, అంతే. “ఓట్లయినంక ఎంత పండుకుంటదో పండుకోనీయుండ్రి. ఊరంత వస్తున్నరు, అమ్మ మంచంల ఉంటే ఏం బాగుంటది?” అని హాల్లో వాళ్లకు చాయ్ తెమ్మని భార్యతో అన్నాడు.

ఆ సాయంత్రం నా నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాశాను. నాలుగు గంటల పాటు కుర్చీలో కూర్చోబెట్టారు, రింగు వాడారు, పుండు పెరిగింది, కొలతలు ఇవి. ఆ నోట్సు డాక్టర్‌కు వెళ్తుంది, ఏజెన్సీకి వెళ్తుంది, కుటుంబానికి ఒక కాపీ వెళ్తుంది. మర్నాడు ఏజెన్సీలో మా సూపర్‌వైజర్ ఫోన్ చేసింది.

“ఆ ఇంటివాళ్లు పెద్దవాళ్లు. వాళ్లు చెబితే ఇంకో పది ఇళ్లు మనకొస్తాయి. కుర్చీలోకి మార్చాం, టాలరేటెడ్ వెల్, అంటే ఇబ్బంది లేకుండా కూర్చుంది అని రాసెయ్. ఎవరికి నష్టం?”

“పుండుకు” అన్నాను.

రాయనిది చేయనట్టే లెక్క అని మాకు మొదటి ఏడాదిలోనే నేర్పారు. జరగనిది రాయమంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. అది నాకు నేనే నేర్చుకున్నాను. నోట్సు మార్చలేదు. డాక్టర్ మాత్రం చదివి, రోజూ కట్టు మార్చమని రాశారు. మా సూపర్‌వైజర్‌కు అది నచ్చలేదు కానీ డాక్టర్ రాశాక కాదనలేదు. అట్లా నేను రోజూ పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లే వీలు దొరికింది. అయినా కుర్చీ ఆగలేదు. నేను కట్టు కట్టి గేటు దాటగానే అవ్వను మోసుకెళ్లి కూర్చోబెడుతున్నారు. కోడలు గీతల కాగితంలో ఆ గంటలు ఖాళీగా ఉంటున్నాయి.

కట్టు మార్చేటప్పుడు అవ్వ ఎడమకు తిరిగి, గోడ వైపు ముఖం పెట్టుకుని పడుకుంటుంది. మాట్లాడితే గోడతో మాట్లాడినట్టు ఉంటుంది. ఒక రోజు అడిగాను.

“కూసుంటే నొస్తలేదా అవ్వా?”

“నొస్తది.”

“మరి చెప్పరాదు?”

“అందరు కాళ్లు మొక్కుతుంటే నొస్తున్నదని ఎట్ల అంట బిడ్డా.”

నేను పుండు కడుగుతున్నాను. ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

“ఐదేండ్లు సర్పంచ్ అన్నరు నన్ను. ఒక్కనాడు గూడ ఆ ఆపీసు కుర్చీల కూసోలె.”

“మరెవలు కూసున్నరు?”

“మావోడే. నేను ఇంట్ల సంతకాలు పెడుతుంటి. సంతకం నేర్సుకున్నది గూడ అందుకే. ఈ కాయితంల ఏమున్నదిరా అంటే, నీకెందుకమ్మా ఫికర్ అంటుండె. స్టాంపు గూడ వాని జేబులనే ఉంటుండె. అప్పుడు కుర్చీల కూసోనియ్యలె. ఇప్పుడు కుర్చీలకెల్లి లేవనిస్తలేరు.”

ఆమె నవ్వుతూనే అంది ఆ మాట. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లౌజులు వేసుకున్న చేతులతో కళ్లు తుడుచుకోవడానికి వీల్లేదు, అట్లాగే వదిలేశాను. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. ఆ కోపంలోనే నాకు ఒక ఆలోచన వచ్చింది.

రోగి సంగతి బయట చెప్పకూడదు. అది మాకు గట్టి నియమం, నేను ఎప్పుడూ దాటలేదు, ఇకముందు కూడా దాటను. కానీ రోగి తన సంగతి తానే చెప్పుకుంటానంటే వద్దనే హక్కు నాకు లేదు. అదే అవ్వకు చెప్పాను. “కాయితం మీద రాసి హాల్ల అంటిద్దామా? కని అందరు సదువుతరు. నీకు పుండు ఉన్నదని ఊరందరికి తెలుస్తది. మంచిగ ఆలోచన చేసుకో.”

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆడమనిషి, పుండు ఉన్న చోటు అది. సిగ్గు ఉండదా. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు కట్టు విప్పగానే గోడతో అంది. “రాయి. ఏడున్నదో రాయకు. ఉన్నదని రాయి.”

“సరే అవ్వా. పెద్ద పెద్ద అక్షరాలతోటి రాస్త, అవ్వను ఎక్కువసేపు కూసోబెట్టొద్దు అని.”

“గట్ల కాదు. నోటీసు రాయి. గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, అని మొదలుపెట్టాలె. గట్లుంటెనే జనం సదువుతరు.”

ఐదేళ్లు చదవనివ్వని కాగితాల మీద సంతకాలు పెట్టిన మనిషి. ఆ నోటీసులు ఎట్లా మొదలవుతాయో విని విని గుర్తు పెట్టుకుంది. నేను సంచిలోంచి తెల్లకాగితం, లావు మార్కర్ తీశాను. ఆమె చెప్పింది, నేను రాశాను.

‘గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, నాకు ఒంట్లో పుండు ఉన్నది. అరగంట కంటే ఎక్కువ కూర్చుంటే పెరుగుతుందని సిస్టర్ చెప్పినది. కావున ఉదయం తొమ్మిది గంటల నుండి తొమ్మిదిన్నర వరకే కుర్చీలో కూర్చుందును. ఆ తర్వాత వచ్చువారు మంచం దగ్గరికి వచ్చి కలువగలరు. ఇట్లు.’

అట్ట మీద కాగితం పెట్టి పట్టుకున్నాను. తన పేరు రాసింది. ఒక్కో అక్షరానికి ఆగి ఆగి రాసింది. రాశాక నా వైపు మార్కర్ చాపి, “కింద మాజీ సర్పంచ్ అని రాయి” అంది. రాశాను.

కొడుకు అప్పటికి తండా వైపు ప్రచారానికి వెళ్లాడు. కట్టు అంటించే నా ప్లాస్టరుతోనే హాల్లో కుర్చీ వెనక గోడకు కాగితం అంటించాను. కోడలు మాట లేకుండా స్టూలు తెచ్చి పెట్టింది. కాగితం ఒక పక్కకు వంగిందని తనే ఎక్కి సరిచేసింది. దిగాక పైనుంచి కిందికి మొత్తం చదివింది. ‘మాజీ సర్పంచ్’ దగ్గర ఆమె కళ్లు ఆగడం చూశాను.

ఆ తర్వాత జరిగింది చూడాలని నేను కావాలనే తొమ్మిదిన్నర దాకా ఉన్నాను. తొమ్మిదింటికి నేనూ కోడలూ పట్టుకుని అవ్వను కుర్చీలో కూర్చోబెట్టాం. పొదుపు సంఘం ఆడవాళ్లు పది మంది వచ్చారు. కాళ్లు మొక్కారు, ఫోటోలు దిగారు. ఒకామె కళ్లజోడు సర్దుకుని గోడ మీదది పైకి చదివింది. తర్వాత ఆమె గోడ గడియారం చూసి, “అవ్వా, టైమ్ దాటింది. పండబెడతం రా” అంది. ఇద్దరు ముందుకు వచ్చారు. ఎక్కడ పట్టుకోవాలో నేను చూపించాను. తొమ్మిదీ ముప్పై ఐదుకు అవ్వ మంచం మీద, కుడి వైపు తిరిగి ఉంది. రెండు వారాలు నేను బతిమాలి, పోట్లాడి చేయించలేని పని అది.

కొడుకు వచ్చేసరికి హాలు నిండా జనం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడ ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. అంతమంది ముందు చింపలేడు. చింపితే తల్లికి పుండు ఉన్నా కూర్చోబెడుతున్నాడని ఊరంతా అంటుంది.

“ఎవలు అంటించిండ్రు ఇది?” అని మెల్లగా అడిగాడు.

“నేనే” అన్నాను.

లోపల మంచం మీది నుంచి అవ్వ గొంతు వచ్చింది. “నేను రాయించిన. సంతకం నాది.”

మర్నాడు పొద్దున స్కూటీ తీస్తుంటే సూపర్‌వైజర్ ఫోన్. రోగి సమాచారం బయటపెట్టానని కుటుంబం ఫిర్యాదు చేసిందట, ఆ ఇంటికి ఇక వెళ్లొద్దట, నా రిజిస్ట్రేషన్ మీదికి కూడా రావచ్చట.

“రాతలో పంపండి” అన్నాను. “నేను కూడా రాతలోనే జవాబిస్తాను. అందులో రోజువారీ కొలతలు ఉంటాయి, కుర్చీలో ఎన్ని గంటలు ఉంచారో ఉంటుంది, నన్ను ఏం రాయమన్నారో అది కూడా ఉంటుంది.”

ఆ ఉత్తరం ఇప్పటిదాకా రాలేదు. కానీ భయపడలేదంటే అబద్ధం. నాలుగేళ్ల చదువు, అంతా కలిపి పదిహేనేళ్ల పని, ఒక్క నంబరు మీద నిలబడి ఉన్నాయి. అంతకంటే ఎక్కువ బాధ ఆ పుండు గురించి. ఎవరు కడుగుతున్నారో, ఎట్లా కడుగుతున్నారో.

కోడలు కడుగుతోంది. అది తర్వాత తెలిసింది. నా బదులు ఏజెన్సీ ఒక కొత్తమ్మాయిని పంపితే అవ్వ దుప్పటి గట్టిగా పట్టుకుని, “నీ మీద కోపం లేదు బిడ్డా, నువ్వు పో. నా సిస్టర్ రావాలె” అందట. ఆ అమ్మాయి పాపం గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయింది. రెండు నెలలుగా నా చేతులు చూస్తున్న కోడలు, నేను ఇచ్చిన సెలైన్ నీళ్లతో, నేను చేసినట్టే, లోపలి నుంచి బయటికి తుడిచి కట్టు కట్టింది. ఇక అవ్వ ఏం చేసిందంటే, కుర్చీలోకి రావడమే మానేసింది. అరగంట కూడా. ఎత్తడానికి వస్తే ఒళ్లు బిగబట్టేదట. “సిస్టర్ రాకపోతే కూసోను. ఎవల నెత్తి మీద చెయ్యి పెట్ట” అని చెప్పేసిందట. హాల్లో జనం, ఖాళీ కుర్చీ, కుర్చీ వెనక నోటీసు.

నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు. గొంతు మెత్తగా ఉంది. “సిస్టర్, రేపటికెల్లి రాండ్రి.”

“వస్త అన్నా. కని కాయితం గోడ మీదనే ఉండాలె. రింగు నాకు ఇంట్ల కనబడొద్దు. నేను రాసిన నోట్సు దిద్దమని ఎవలకు ఫోన్ చెయ్యొద్దు.”

“ఇంక?”

“చేతులు కడుక్కునే కాడ సబ్బు అయిపోయింది. కొత్తది పెట్టించుండ్రి.”

వెళ్లేసరికి కొత్త సబ్బు ఉంది. కోడలు కట్టిన కట్టు విప్పి చూస్తే పుండు పెరగలేదు. ఆ మాట ఆమెతో అంటే మొదటిసారి నవ్వింది.

కోడలు కొద్ది ఓట్లతో గెలిచింది. ఇప్పుడు ఆ కొడుకు నలుగురిలో కూర్చుంటే, “మా అమ్మ పరిస్థితి మేం దాచుకోలె, నోటీసు పెట్టి మరీ చెప్పినం” అంటాడు. నా ముందే ఒకసారి అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన భుజం మీది కండువా సర్దుకుని వేరే మాటలోకి దిగాడు. పోనీ, నాకు కావాల్సింది పేరు కాదు, పుండు మానడం. అది మానడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. చివరికి ఆ చోట గులాబీ రంగులో పల్చటి చర్మం వచ్చింది. వేలితో తాకాలంటే నాకే భయం వేసేంత పల్చన.

ఒక ఆదివారం కోడలు ఫోన్ చేసింది. “అత్తమ్మ ఒక్కసారి ఆపీసు జూడాలె అంటున్నది. ఇయ్యాల ఎవలు ఉండరు. మీరొస్తరా సిస్టర్?”

నాకు ఆ రోజు సెలవు. అయినా వెళ్లాను. నాలుగు అంగుళాల దళసరి దిండు చంకన పెట్టుకుని వెళ్లాను.

పంచాయతీ ఆఫీసులో ఒకే ఒక్క మంచి కుర్చీ ఉంది. మొదటి వారం అందులో భర్తే కూర్చున్నాడని కోడలు దారిలో చెప్పింది. రెండో వారం ఆమె ఆయన కంటే ముందే వెళ్లి కూర్చుందట. ఆయన వచ్చి కాసేపు నిలబడి, పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడట. దాని గురించి ఇంట్లో ఒక్క మాట కూడా అనుకోలేదట. చెబుతున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.

దిండు వేసి, ఇద్దరం పట్టుకుని అవ్వను ఆ కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. గోడ మీద సర్పంచుల పేర్ల బోర్డు ఉంది. అందులో తన పేరు ఎక్కడ ఉందో వెతికి, కూడబలుక్కుని చదువుకుంది. స్టాంపు అడిగింది. కోడలు తన సంచిలోంచి తీసి ఇచ్చింది. అవ్వ దాన్ని అరచేతిలో ఒకసారి నొక్కుకుని చూసి, నవ్వి, తిరిగి కోడలి చేతిలోనే పెట్టింది. కొడుకు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు.

నేను గడియారం చూస్తున్నాను. ఊరందరితో పోట్లాడి తెచ్చుకున్న లెక్క, ఇప్పుడు తప్పితే నాకే సిగ్గు.

“అవ్వా, అరగంట అయింది.”

ఆమె లేవలేదు. “ఆ కాయితం నాదే గద బిడ్డా. ఇంకో ఐదు నిమిషాలు పెంచిన అని రాసుకో.”

ఒక నిమిషం ఆమె నడుం ఒక పక్కకు ఎత్తి పట్టి, బరువు దించి, మళ్లీ కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు నేనూ కోడలూ నిలబడే ఉన్నాం. తర్వాత ఆమే చేతులు చాపింది, ఎత్తుకోమని.

సెలవు రోజు నోట్సు రాయాల్సిన పని లేదు. అయినా ఇంటికి వచ్చి రాశాను. చర్మం బాగుంది, ఎరుపు లేదు. కుర్చీలో ముప్పై ఐదు నిమిషాలు. ఎవరూ బలవంతం చేయలేదు, తనే అడిగి కూర్చుంది. కింద నా సంతకం పెట్టి, నంబరు వేశాను.